పక్కింటి తాళంచెవి

(వయసు మళ్లిన దంపతుల రోజువారీ జీవితం, ఇరుగుపొరుగు సంబంధాల గురించి చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం "వయసు మళ్లిన దంపతులు, వారి ఇరుగుపొరుగు". ఇందులో మాట్లాడడానికి ఏముంది అని కొందరికి అనిపించవచ్చు. రోజూ చూసే మనుషులు, రోజూ దాటే గుమ్మాలు. రోజూ చూసేవి కావడం వల్లనే వీటి గురించి ఎవరూ తీరిగ్గా కూర్చుని ఆలోచించరని నా అభిప్రాయం. అందుకని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీలో చాలామంది జంటలుగానే వచ్చారు, నాకు ఇక్కడి నుంచి కనిపిస్తోంది. రాత్రి రెండు గంటలయింది అనుకుందాం. మీ ఇద్దరిలో ఒకరు కింద పడి లేవలేకపోతున్నారు. రెండోవారికి ఒంటిచేత్తో వారిని లేపే శక్తి లేదు. ఎవరిని పిలుస్తారు? చేతులెత్తనక్కర్లేదు, మనసులో ఒక పేరు అనుకోండి, చాలు.

అనుకున్నారా? ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ పేరు గల మనిషి పది నిమిషాల్లో మీ గుమ్మంలోకి వచ్చి నిలబడగలరా?

కొడుకు పేరో కూతురి పేరో అనుకున్నవారు ఎక్కువమందే ఉంటారు. అది సహజం. కానీ ఆ పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు? మనసుకు దగ్గరగా ఉన్నవాళ్లు వేరు, గుమ్మానికి దగ్గరగా ఉన్నవాళ్లు వేరు. వయసులో ఉన్నంతకాలం ఈ తేడా మనకు పట్టదు, ఎందుకంటే దూరాన్ని మన కాళ్లే దాటేస్తాయి. డెబ్బై దాటాక లోకం మెల్లమెల్లగా దగ్గరికి ముడుచుకుంటూ వస్తుంది. మొదట దూర ప్రయాణాలు మానేస్తాం, తరువాత రాత్రిపూట బయటికి వెళ్లడం మానేస్తాం, ఆ తరువాత వీధి చివరి దాకా నడవడమే ఒక పని అవుతుంది. అప్పుడు మన లోకం అంటే మన ఇల్లు, మన మెట్లు, ఎదుటి తలుపు, పక్క గోడ. అలాంటప్పుడు ఆ గోడకు అవతల ఉన్నది ఎవరు అన్నది చిన్న ప్రశ్న ఎలా అవుతుంది?

నాలుగేళ్ల క్రితం మా ఇంట్లో జరిగింది చెబుతాను. నా భార్య అనుమతి తీసుకునే చెబుతున్నాను, ఆమె ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది. అప్పుడు నేను రెండు రోజుల పని మీద ఊరు వెళ్లాను. ఉదయం ఆరు కావస్తుండగా ఆమె స్నానాలగదిలో కాలు జారి పడింది. తుంటి దగ్గర గట్టి దెబ్బ తగిలి ఇక కదలలేకపోయింది. ఫోను ముందుగదిలో బల్ల మీద ఉంది. కేకలు వేసింది, కానీ తలుపులూ కిటికీలూ అన్నీ వేసి ఉన్నాయి, గొంతు బయటికి పోలేదు. ఎనిమిది గంటలకు ఎదురింటి ఆవిడ ఉద్యోగానికి బయలుదేరుతూ యథాలాపంగా మా ముందుగది కిటికీ వైపు చూసింది. తెర తీసి లేదు. మా ఇంట్లో ఆ తెర ఆరున్నరకల్లా తీసి ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా అంతే. ఆ క్షణంలో తనకు ఏం తోచిందో ఆవిడ తరువాత మాకు చెప్పింది. "అమ్మగారు ఊరెళ్తే నాతో ఒక మాట చెప్పకుండా వెళ్లరే" అనుకుందట. వచ్చి తలుపు తట్టింది, పిలిచింది, జవాబు లేదు. వెనక్కి వెళ్లి, తన దగ్గర ఉన్న మా మారు తాళంచెవి తెచ్చి తలుపు తీసింది.

రెండు గంటలు. ఆమె ఆ చల్లని నేల మీద రెండు గంటలు ఉంది. ఆ తెర సంగతి ఎవరూ గమనించకపోతే నేను తిరిగి వచ్చేదాకా, అంటే మర్నాటి సాయంత్రం దాకా ఉండేది.

ఇది ఎంత తీవ్రమైన విషయమో నాకు ఆసుపత్రిలో వైద్యులు వివరించాక అర్థమైంది. పడడం వల్ల తగిలే దెబ్బ ఒక ఎత్తు, పడ్డాక లేవలేక అలాగే ఉండిపోవడం ఇంకొక ఎత్తు. వయసు మళ్లిన మనిషి గంటకు మించి నేల మీద ఉండిపోతే శరీరంలో నీరు తగ్గిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, బరువు ఆనిన చోట చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, నలిగిన కండరాల నుంచి వచ్చే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కదలకుండా పడి ఉండడం వల్ల ఊపిరితిత్తులకు నెమ్ము చేరే ప్రమాదం ఉంటుంది. ఎముక అతుక్కున్నా ఈ చిక్కుల నుంచి తేరుకోనివారు ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు గాయాలతో జరిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. మనం వాహనాలకు భయపడతాం, రోడ్డు దాటేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుంటాం. సొంత ఇంటి నేలకు భయపడతామా?

ఇప్పుడు ఆ ఉదయం గురించి మళ్లీ ఆలోచించండి. నా భార్యను కాపాడింది ఏమిటి? ఒక కిటికీ తెర. ఊరెళ్లే ముందు చెప్పి వెళ్లే ఒక అలవాటు. ఎదురింటి మేకుకు వేలాడుతున్న ఒక తాళంచెవి. వీటిలో ఏ ఒక్కటీ ప్రమాదం జరుగుతుందని ముందే ఊహించి ఏర్పాటు చేసుకున్నది కాదు. "మా తెరను రోజూ గమనించండి" అని మేము ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. ఎదురుబొదురుగా ఏళ్ల తరబడి బతికిన మనుషులకు ఒకరి దినచర్య ఒకరికి తెలియకుండానే పట్టుబడుతుంది. ఎవరింట్లో దీపం ఎప్పుడు ఆరుతుంది, ఎవరి దగ్గు ఎలా ఉంటుంది, ఎవరు మెట్లు ఎక్కుతున్నారో అడుగుల చప్పుడును బట్టి చెప్పేస్తాం. ఈ జ్ఞానం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇది చాలా విలువైన జ్ఞానం.

ఎంత విలువైనదో చెప్పడానికి ఒక పెద్ద సంఘటనను గుర్తు చేస్తాను. 1995 జనవరి 17న, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు, జపాన్‌లో కోబే నగరం, అవాజి ద్వీపం ఉన్న ప్రాంతాన్ని భారీ భూకంపం కుదిపేసింది. ఆరు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో వయసు మళ్లినవారే ఎక్కువ. శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడిన వారిలో అత్యధికులను బయటికి తీసింది కుటుంబ సభ్యులు, ఇరుగుపొరుగు. శిక్షణ పొందిన దళాలు వచ్చేసరికి విలువైన తొలి గంటలు గడిచిపోయాయి. అవాజి ద్వీపంలో భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్టణంలో ఇళ్లు కూలిపోయినా సహాయం చాలా వేగంగా సాగింది. కారణం ఏమిటో తెలుసా? ఏ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో పక్కింటివాళ్లకు తెలుసు. కుప్పగా పడిన ఇంటి ముందు నిలబడి ఎక్కడ తవ్వాలి అని వెతుక్కునే పని లేకపోయింది. "ముసలాయన ఈ మూల పడుకుంటాడు, ఇక్కడ తవ్వండి" అనగలిగారు. ఎదురింటావిడకు మా తెర సంగతి తెలియడం, అక్కడి వాళ్లకు ముసలాయన పడక తెలియడం, ఈ రెండూ ఒకటే.

అదే 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాలులు వీచాయి. కొద్ది రోజుల్లో, మామూలుగా జరిగే మరణాలకు పైన, 739 మంది చనిపోయారు. ఎక్కువమంది ఒంటరి వృద్ధులు, తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపలే ఉండిపోయినవారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త తరువాత ఆ నగరంలో పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. ఒకటి నార్త్ లాన్‌డేల్, రెండోది సౌత్ లాన్‌డేల్. రెండింటిలోనూ పేదరికం ఉంది, రెండింటిలోనూ ఒంటరిగా బతికే వృద్ధులు ఉన్నారు, ఎండ రెండింటి మీదా ఒకేలా కాసింది. మొదటి పేటలో లక్షకు 40 మంది చనిపోతే రెండో పేటలో లక్షకు నలుగురు. పది రెట్ల తేడా! మొదటి పేటలో ఇళ్లు ఖాళీ అయిపోయి, అంగళ్లు మూతపడి, వీధిలోకి రావడానికి ముసలివాళ్లు భయపడే పరిస్థితి. రెండో పేటలో వీధి నిండా మనుషులు, తెరిచి ఉన్న దుకాణాలు, బయట అడుగుపెడితే పలకరించేవారు. అక్కడి ముసలివాళ్లు బయటికి వచ్చారు, చల్లగా ఉన్న చోట కూర్చున్నారు, రానివాళ్ల గురించి ఎవరో ఒకరు అడిగారు. నేను ఈ లెక్కను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నలభై ఎక్కడ, నాలుగు ఎక్కడ?

సరే, ఇరుగుపొరుగు ముఖ్యమని ఒప్పుకున్నాం. ఆ సంబంధం ఎలా పుడుతుంది? మనసులు కలిస్తే పుడుతుందని అనుకుంటాం. అంతకంటే ముందు అడుగులు కలవాలి. అమెరికాలోని ఒక సాంకేతిక విద్యాసంస్థలో, పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లలో, ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అనే ముగ్గురు పరిశోధకులు స్నేహాలు ఎలా ఏర్పడ్డాయో పరిశీలించి 1950లో ప్రచురించారు. ఒకే అంతస్తులో పక్క తలుపు వారిని స్నేహితులని చెప్పినవారు 41 శాతం. ఒక తలుపు దాటి అవతలి వారి దగ్గరకు వచ్చేసరికి 22 శాతం. నడవా ఈ చివర, ఆ చివర ఉన్నవారి మధ్య 10 శాతం. పక్క పక్క తలుపుల మధ్య దూరం ఎంతో ఊహించండి. 19 అడుగులు. ఇంకొక విశేషం, మెట్ల మొదట్లో ఉన్న ఇంటివారికి పై అంతస్తులో స్నేహితులు ఎక్కువ. వాళ్లు మిగతావారి కంటే మంచివాళ్లేమీ కాదు. పైకీ కిందికీ వెళ్లే వాళ్లందరూ వాళ్ల గుమ్మం ముందు నుంచే వెళ్లారు, అంతే.

దీన్నిబట్టి నేను నా మటుకు ఒక నియమం పెట్టుకున్నాను. పేపరు చదవడం, మందుల చీటీ చూసుకోవడం, గోళ్లు తీసుకోవడం, ఇలాంటి పనులు లోపలి గదిలో కాకుండా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చేస్తాను. వీధిలో వెళ్లేవారు చూస్తారు, నేను చూస్తాను. మొదటి వారం చూపు, రెండో వారం తల ఊపడం, నెల తిరిగేసరికి "బాగున్నారా?" అని ఒక మాట. మన భాషలో దీనికి ఎంత చక్కని మాట ఉంది, ముఖపరిచయం. ముఖపరిచయమే కదా అని తీసిపారేస్తాం. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసంలో, ప్రాణస్నేహితుల కంటే ఈ పలుచని పరిచయాల వల్లనే మనకు కొత్త సమాచారం ఎక్కువగా అందుతుందని చూపించాడు. ప్రాణస్నేహితుడికి తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. ముఖపరిచయస్తుడిది వేరే లోకం. వీల్‌చెయిర్ ఎక్కడ అద్దెకు దొరుకుతుంది, ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే మనిషి ఎవరు, ఇలాంటివి నాకు తెలిసింది అలాంటి మనుషుల వల్లనే.

ఇప్పుడు దంపతుల సంగతికి వస్తాను. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది, కనుక కాస్త నిదానంగా చెబుతాను.

వయసు మళ్లిన జంటలను చూసి లోకం ఒక మాట అంటుంది, "వాళ్లకేం, ఒకరికొకరు ఉన్నారు". నిజమే, ఒకరికొకరు ఉండడం గొప్ప భాగ్యం. కానీ ఆ భాగ్యమే తలుపు వేసేస్తుంది. మాటకు తోడు ఇంట్లోనే ఉంది, బయటికి ఎందుకు? ఒకరి చెవి మందగిస్తే రెండోవారు చెవి అవుతారు, ఒకరి చూపు తగ్గితే రెండోవారు కన్ను అవుతారు. ఒకరికొకరు చేదోడు వాదోడుగా ఉన్నకొద్దీ మూడో మనిషి అవసరం లేదనిపిస్తుంది. ఒంటరి మనిషికి తాను ఒంటరినని తెలుసు, అందుకని ఎవరినో ఒకరిని వెతుక్కోవచ్చు. జంటకు అది తెలియదు.

ఇంకొక సంగతి గమనించండి. దాదాపు ప్రతి జంటలోనూ ఇరుగుపొరుగును నిలబెట్టేది ఇద్దరిలో ఒక్కరే. మీ ఇంట్లో ఎవరు? ఒకరినొకరు చూసుకుంటున్నారు, అంటే జవాబు మీకు తెలిసిపోయింది. మా ఇంట్లో నా భార్య. ఎవరి కూతురికి ఎప్పుడు పరీక్షలు, ఎవరి తండ్రికి ఆపరేషన్ అయింది, ఎవరితో ఎవరికి మాటలు లేవు, అన్నీ ఆమెకు తెలుసు. నాకు ఆమె ద్వారా తెలుస్తాయి. నలభై ఏళ్లుగా నేను ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉన్నానని అనుకున్నాను. ఉన్నది ఆమె. నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజుల్లో ఇది నాకు తెలిసింది. మెట్ల మీద ఎదురైన వాళ్లు "అమ్మగారికి ఎలా ఉంది?" అని అడిగేవారు, నేను చెప్పేవాణ్ని, ఆ తరువాత ఏం మాట్లాడాలో నాకూ తెలిసేది కాదు, వాళ్లకూ తెలిసేది కాదు. కొందరి పేర్లు కూడా నాకు తెలియవు. ఆ రాత్రులు ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని ఆలోచించాను. ఈమె తిరిగి రాకపోతే నేను ఈమెను మాత్రమే పోగొట్టుకోను, ఈ వీధినంతటినీ పోగొట్టుకుంటాను.

జీవితంలో వచ్చే మార్పులు మనిషి మీద ఎంత భారం మోపుతాయో అంచనా వేయడానికి హోమ్స్, రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు 1967లో 43 సంఘటనలతో ఒక కొలమానం తయారు చేశారు. అందులో అన్నిటికంటే పైన, 100 పాయింట్లతో ఉన్నది జీవిత భాగస్వామి మరణం. ఇది ప్రతి జంటలోనూ ఒకరికి తప్పనిది. నేను మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇద్దరిలో ఎవరు మిగిలినా వారికి ఆ వీధి మిగలాలి. అది ఇద్దరూ ఉండగానే జరగాలి, తరువాత జరగదు. దుఃఖంలో ఉన్న మనిషికి కొత్తగా పరిచయాలు చేసుకునే ఓపిక ఎక్కడ ఉంటుంది? అందుకే, మీ జంటలో ఎవరు వెనక నిలబడుతున్నారో వారు వారానికి ఒక్కసారైనా ఒంటరిగా ఒక గుమ్మం ముందు నిలబడండి. రెండోవారు వెంట వెళ్లకండి. వెంట వెళ్తే మళ్లీ మాట్లాడేది వారే.

మరి అడ్డు వచ్చేది ఏమిటి? మొహమాటం. మన వయసు వాళ్లకు ఇవ్వడం ఇష్టం, అడగడం కష్టం. ఎవరికైనా ఏదైనా చేసిపెట్టమంటే సంతోషంగా చేస్తాం. మనకు ఏదైనా కావలసి వస్తే మాత్రం, "పాపం, వాళ్ల పనుల్లో వాళ్లున్నారు, ఎందుకు ఇబ్బంది పెట్టడం" అంటాం. అది సంస్కారం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. మా తాళంచెవి ఎదురింట్లో ఇవ్వాలని నా భార్య అన్నప్పుడు వద్దన్నది నేనే. మన ఇంటి భారం వాళ్ల మీద ఎందుకు అన్నాను. ఆమె నా మాట వినకుండా ఇచ్చింది. విని ఉంటే ఆ ఉదయం ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు.

చేబదులు అనే మాటను ఒకసారి తలచుకోండి. అప్పు వేరు, చేబదులు వేరు. అప్పుకు కాగితం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది. చేబదులులో ఉండేది రెండు చేతులే. గొడుగు తీసుకున్నాం, తిరిగి ఇచ్చాం. రేపు వాళ్లు సుత్తి తీసుకున్నారు, తిరిగి ఇచ్చారు. వస్తువు కంటే ముఖ్యమైనది ఆ రెండు రాకపోకలు. తీసుకోవడానికి ఒకసారి తలుపు తట్టాలి, ఇవ్వడానికి ఇంకొకసారి తట్టాలి. ఎన్నడూ ఏదీ అడగని ఇంటివాళ్లను ఇతరులు గౌరవిస్తారు గానీ వాళ్లను తాము అడగలేరు. మనం అడగడం వల్ల అవతలివారికి మనల్ని అడిగే చనువు వస్తుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఒక సంగతి రాశాడు. శాసనసభలో తనను వ్యతిరేకించే ఒక సభ్యుడి దగ్గర అరుదైన పుస్తకం ఉందని తెలిసి, కొద్ది రోజులు ఎరువివ్వమని చీటీ రాశాడు. ఆయన వెంటనే పంపాడు, ఫ్రాంక్లిన్ వారంలో కృతజ్ఞతతో తిరిగి పంపాడు, ఆ తరువాత ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇచ్చింది ఏమీ లేదు, అడిగాడు. డబ్బు విషయం మాత్రం మినహాయించండి, ఇరుగుపొరుగుల మధ్య పెద్ద మొత్తాలు చేతులు మారితే సంబంధం నిలవదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

"అడిగేది సరే, మేము ఇవ్వగలిగింది ఏముంది, ఈ వయసులో?" అని ఒక పెద్దమనిషి సభ మొదలయ్యే ముందు నన్ను అడిగారు. అయ్యా, మన దగ్గర ఒకటి ఉంది, వయసులో ఉన్నవాళ్ల దగ్గర అది లేదు. మనం పగటిపూట ఇంట్లో ఉంటాం. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక వీధిలో ఎవరు ఉంటారు? చిన్నపిల్లలు, వాళ్లను చూసుకునేవాళ్లు, మనం. జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే నగరాల గురించి రాస్తూ, వీధిని భద్రంగా ఉంచేది ముందుగా ఆ వీధి మీద ఉండే మనుషుల చూపు అని చెప్పింది, పోలీసులు ఆ తరువాతే అంది. ఆ చూపు మనది. వచ్చిన పార్సెల్ తీసుకుని ఉంచడం, నల్లా మరమ్మతు మనిషి వస్తే తలుపు తీసి పని అయ్యేదాకా నిలబడడం, వాన మొదలైతే పక్కింటి మేడ మీద ఆరేసిన బట్టలు గుర్తు చేయడం, ఇవి చిన్న పనులని అనకండి. ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలకు ఇవి ఎంత పెద్ద నిశ్చింతో వాళ్లను అడగండి.

మా మెట్ల మీద ఒకసారి ఎనిమిదేళ్ల పిల్ల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బడి ముందే వదిలారు, తల్లి రాలేదు. ఏడవడం లేదు, కానీ సంచీ పట్టీని మెలిపెడుతూ ఉంది, విడుస్తూ ఉంది, మళ్లీ మెలిపెడుతూ ఉంది. నేను పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. లోపలికి రమ్మనలేదు, ఎందుకంటే కొత్తవారి ఇంట్లోకి వెళ్లవద్దని తల్లి చెప్పి ఉంటుంది, ఆ మాట నిలబడాలి. తల్లికి ఫోను చేసి, "మీ అమ్మాయి మెట్ల మీద ఉంది, నేను పక్కన ఉన్నాను, నిదానంగా రండి" అని చెప్పి, ఫోను ఆ పిల్ల చేతికిచ్చాను. నలభై నిమిషాలు కూర్చున్నాం. ఎక్కాలు అప్పజెప్పింది, పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆ మెట్లు దిగేటప్పుడు ఆ పిల్ల ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుంటుంది. నా మోకాలు సంగతి దానికి తెలుసు, ఎవరు చెప్పారో నాకు తెలియదు.

కష్టాలు లేవా అంటే ఉన్నాయి. పక్కవారి మంచీ చెడూ తెలుసుకోవడానికీ ఆరా తీయడానికీ మధ్య గీత సన్ననిది. ఒక ఇంట్లో విన్నది ఇంకొక ఇంట్లో చెప్పకూడదు. పిలిచి సలహా అడిగితే తప్ప వాళ్ల పిల్లల పెంపకం గురించి మాట్లాడకూడదు. చప్పుళ్ల గురించీ వాహనాలు నిలిపే చోటు గురించీ తగాదా వస్తే, ముందు ముఖాముఖి మాట్లాడాలి, ఆ తరువాతే సంఘానికి కాగితం రాయాలి. ఇవన్నీ మీకు తెలిసినవే, వీటి మీద ఎక్కువ సమయం తీసుకోను.

ఒకటి మాత్రం నొక్కి చెప్పాలి. ఈ రోజుల్లో మన వయసు వారికి ఫోను చేసి, అధికారులమని బెదిరించి, లేదా మనవడు ఆపదలో ఉన్నాడని నమ్మించి డబ్బు కాజేసే మోసగాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు ఏ కథ చెప్పినా అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది. "ఈ విషయం ఎవరికీ చెప్పకండి, ఫోను పెట్టేయకండి" అంటారు. ఎందుకు అంటారు? పక్కింటి మనిషి ఒక్క నిమిషం వింటే ఆ కథ నిలవదని వాళ్లకు తెలుసు కనుక. ఎవరైనా మిమ్మల్ని ఎవరితోనూ చెప్పవద్దు అంటే, ఫోను పెట్టేసి వెంటనే గోడ అవతలి తలుపు తట్టండి. అది సిగ్గుపడవలసిన పని కాదు. ఎంత చదువుకున్నవారైనా భయంలో ఒంటరిగా సరిగ్గా ఆలోచించలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన ఒక కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దాని వల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలు జరుగుతున్నాయనీ అందులో అంచనా వేశారు. గంటకు దాదాపు వంద. మనం ఈ సభలో కూర్చున్నంతసేపట్లో ఎంతమందో లెక్క వేసుకోండి. దానికి మందు ఏ దుకాణంలో దొరుకుతుంది? 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు, మనుషులతో గట్టి సంబంధాలు ఉన్నవారు ఆయా అధ్యయనాలు జరిగిన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారికంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది. సంబంధాలు అంటే రక్తసంబంధాలు మాత్రమే కావు, ఆ లెక్కలో స్నేహితులూ ఇరుగుపొరుగూ అందరూ ఉన్నారు.

చివరగా మా ఇంటి సంగతి ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నా భార్యను కాపాడిన ఎదురింటావిడకు ఉద్యోగంలో బదిలీ అయింది. మూడు నెలల క్రితం వెళ్లిపోయారు. వెళ్లే ముందు రోజు సాయంత్రం వచ్చి మా తాళంచెవి నా భార్య చేతిలో పెట్టింది. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తాళంచెవికి ఆవిడ ఎప్పుడో ఎర్ర దారం కట్టుకుంది, చీకట్లో కూడా గుర్తుపట్టడానికి. ఆ దారం అలాగే ఉంది.

ఎదురింట్లోకి కొత్తగా ఒక యువ జంట వచ్చింది. వచ్చి మూడు వారాలయింది. ఉదయం వెళ్తే రాత్రికి గానీ రారు. ఇంతవరకు మా మధ్య నడిచింది ఒక చిరునవ్వు, అంతే. మా గుమ్మం పైన బల్బు పది రోజుల క్రితం మాడిపోయింది. మనిషిని పిలిపించి మార్పిద్దామని నేను ఫోను తీస్తే నా భార్య వద్దంది. వాళ్ల సామాను దించుతున్న రోజు అందులో ఒక నిచ్చెన ఉండడం ఆమె చూసిందట. ఆ నిచ్చెన అడగాలట. అడగవలసింది కూడా తను కాదట, నేనట. రేపు ఆదివారం, వాళ్లు ఇంట్లో ఉంటారు.

ఇంతసేపు ఓపికగా విన్నారు, కృతజ్ఞుణ్ని. మీ ప్రశ్నలు ఉంటే అడగండి. వెనక వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నారు, ముందు వారికి మైకు ఇవ్వండి.